లెఫ్ట్ జాయిన్‌లో మీ కండిషన్ ఎక్కడికి పోయింది: పోస్ట్‌గ్రెస్ ప్లానర్‌ను చదివే పద్ధతి

లక్ష మంది కస్టమర్లున్న టేబుల్ మీద లెఫ్ట్ జాయిన్ (కుడి టేబుల్‌లో జత లేకపోయినా ఎడమ టేబుల్ వరసలన్నీ ఉంచేది) రాస్తాం, ఎవరూ తప్పిపోరని ధీమాగా ఉంటాం. తీరా రిపోర్టు తెరిస్తే 58 వేల పైచిలుకు మందే కనబడతారు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. డేటా పోయిందేమోనని టెన్షన్ మొదలవుతుంది. డేటా ఎక్కడికీ పోలేదు. మనం రాసిన కండిషన్‌ను ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో తేల్చే డేటాబేస్ భాగం) దాని అర్థం ప్రకారమే ఒక చోట పెట్టింది. ఆ చోటు ఏదో చూడటం వస్తే ఇలాంటి సమస్యలు చాలావరకు పది నిమిషాల్లో తేలిపోతాయి.

ఈ మార్గదర్శిలో చెప్పేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ గురించి. 16వ వెర్షన్ గానీ అంతకన్నా కొత్తది గానీ దగ్గర పెట్టుకోండి. ఎస్‌క్యూఎల్ కీవర్డులను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీ టెర్మినల్‌లో మాత్రం ఎప్పటిలాగే ఇంగ్లిష్‌లో కొట్టండి.

అడుగు 1: ప్రయోగానికి టేబుళ్లు

మూడు టేబుళ్లు చాలు. కస్టమర్లు (ఐడీ ప్రైమరీ కీ, పేరు, ఊరు), ఆర్డర్లు (ఐడీ ప్రైమరీ కీ, కస్టమర్_ఐడీ, స్టేటస్), చెల్లింపులు (ఐడీ ప్రైమరీ కీ, ఆర్డర్_ఐడీ). కస్టమర్లలో లక్ష వరసలు నింపండి. ఆర్డర్లలో పది లక్షలు, ఇలా:

ఇన్సర్ట్ ఇంటూ ఆర్డర్లు
సెలెక్ట్ న, న % 80000 + 1,
  కేస్ వెన్ రాండమ్() < 0.1 దెన్ 'పెండింగ్' ఎల్స్ 'డెలివరీ' ఎండ్
ఫ్రమ్ జెనరేట్_సిరీస్(1, 1000000) న;

దీంతో 1 నుంచి 80,000 వరకు ఐడీ ఉన్న కస్టమర్లకు తలా 12 లేదా 13 ఆర్డర్లు వస్తాయి. మిగతా 20,000 మందికి ఒక్కటీ ఉండదు. స్టేటస్‌కు రాండమ్ ఎందుకు, న % 10 పెట్టుకుంటే పోలేదా అనిపించవచ్చు. 80,000 పదితో భాగింపబడుతుంది కాబట్టి అలా చేస్తే ఒక్కో కస్టమర్ ఆర్డర్లన్నిటికీ ఒకే స్టేటస్ పడుతుంది. అలాంటి డేటా మీద ఏం తేల్చినా అది నిజం డేటాకు పనికిరాదు.

అన్నీ నింపాక అనలైజ్ (టేబుళ్ల స్టాటిస్టిక్స్ సేకరించే కమాండ్) నడపండి. ప్లాన్లు చదవడానికి తేలిగ్గా ఉండాలంటే మ్యాక్స్_పారలల్_వర్కర్స్_పర్_గేదర్‌ను సున్నా చేయండి. మొదట్లో ఎక్స్‌ప్లెయిన్‌కు (క్వెరీ ప్లాన్ చూపే కమాండ్‌కు) కాస్ట్స్ ఆఫ్ ఇస్తే అంకెల గోల కూడా ఉండదు, ప్లాన్ ఆకారం ఒక్కటే కనబడుతుంది.

అడుగు 2: కండిషన్ దిగే చోట్లు

ప్లాన్‌లో కండిషన్ ప్రధానంగా కనబడే చోట్లు నాలుగు.

ఇండెక్స్ కండ్ అంటే ఇండెక్స్‌లో వెతకడానికే ఆ కండిషన్‌ను వాడారని. హ్యాష్ కండ్, మెర్జ్ కండ్ అంటే రెండు వైపుల వరసలను జత కలపడానికి వాడారని. మిగిలిన రెండూ జాయిన్ ఫిల్టర్, ఫిల్టర్. పేర్లు ఒకేలా ఉన్నాయి కదా అని చాలామంది వీటిని కలిపి చదివేస్తారు. అవుటర్ జాయిన్ (లెఫ్ట్, రైట్, ఫుల్) విషయంలో అసలు కథంతా ఈ తేడాలోనే ఉంది.

లెఫ్ట్ జాయిన్ మీద జాయిన్ ఫిల్టర్ ఫెయిలైతే ఆ జత కుదరలేదని మాత్రమే అర్థం. ఎడమవైపు వరసకు ఒక్క జతా కుదరకపోతే, కుడివైపు కాలమ్స్‌లో నల్స్ నింపుకుని అది ఫలితంలోకి వచ్చేస్తుంది. అదే జాయిన్ నోడ్ (ప్లాన్‌లో జాయిన్ చేసే మెట్టు) మీద ఉన్న ఫిల్టర్ ఫెయిలైతే వరస మొత్తం పోతుంది. మొదటిది ఆన్ నుంచి వస్తుంది, రెండోది వేర్ నుంచి.

అడుగు 3: ముందు ఇన్నర్ జాయిన్

ఇక్కడ పెద్దగా గొడవ లేదు. ఇన్నర్ జాయిన్‌లో (జత కుదిరిన వరసలే వచ్చే జాయిన్) ఆన్‌లో రాసినా, వేర్‌లో రాసినా ప్లానర్‌కు ఒకటే. అన్ని కండిషన్లనూ ఒకే కుప్పలో పోసి, ఒక్కోదాన్ని వీలైనంత కిందకు, అంటే టేబుల్ స్కాన్ దగ్గరికి తోస్తుంది. ఒకసారి ఆన్‌లో, ఒకసారి వేర్‌లో రాసి రెండు ప్లాన్లూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉండదు. "ఆన్‌లో పెడితే ఫాస్ట్" అనే మాట మీ ఆఫీసులోనూ వినబడుతుంటే ఈ రెండు ప్లాన్లు చూపించండి.

గమనించాల్సింది ఇంకొకటుంది. సమానత్వాలను ప్లానర్ గుంపులుగా కడుతుంది. ఆ.కస్టమర్_ఐడీ = క.ఐడీ అని (ఇక్కడ 'క' అంటే కస్టమర్లు, 'ఆ' అంటే ఆర్డర్లు), క.ఐడీ = 42 అని రాస్తే, ఆ.కస్టమర్_ఐడీ = 42 అని తనే తేల్చుకుని ఆర్డర్ల స్కాన్‌కు కూడా పెడుతుంది. లెఫ్ట్ జాయిన్‌లోనూ ఎడమవైపు కాలమ్‌కు వేర్‌లో = 42 అని ఇస్తే, ఆ విలువ కుడివైపు స్కాన్‌కు చేరుతుంది.

అయితే ఈ తెలివి సమానత్వం వరకే. వేర్ క.ఐడీ < 100 అని రాసి చూడండి. కస్టమర్ల వైపు వంద లోపు వరసలే వస్తాయి, కానీ ఆ.కస్టమర్_ఐడీ < 100 అనే కండిషన్ ఆర్డర్ల స్కాన్ మీద కనబడదు. తేదీల రేంజ్ మీద రెండు పెద్ద టేబుళ్లను కలిపేవాళ్లకు ఇది బాగా తగులుతుంది. మార్గం సులువే: ఆ రేంజ్‌ను మీరే ఆన్‌లో రెండో టేబుల్‌కూ రాసేయండి. కీ ఒకటే కాబట్టి ఫలితం మారదు, చదివే డేటా మాత్రం తగ్గుతుంది.

అడుగు 4: లెఫ్ట్ జాయిన్, ఒకే కండిషన్, రెండు చోట్లు

ముందు ముగ్గురు కస్టమర్లతో కాగితం మీద చూద్దాం. రమణకు ఒక ఆర్డర్, పెండింగ్. లక్ష్మికి ఒక ఆర్డర్, డెలివరీ అయిపోయింది. సలీంకు ఆర్డర్లే లేవు. మనకు కావాల్సింది ముగ్గురూ కనబడాలి, పెండింగ్ ఆర్డర్ ఉంటే పక్కన రావాలి.

ఫ్రమ్ కస్టమర్లు క లెఫ్ట్ జాయిన్ ఆర్డర్లు ఆ
  ఆన్ ఆ.కస్టమర్_ఐడీ = క.ఐడీ అండ్ ఆ.స్టేటస్ = 'పెండింగ్'

ఇలా రాస్తే రమణ పక్కన పెండింగ్ ఆర్డర్, లక్ష్మి పక్కన నల్, సలీం పక్కన నల్. ముగ్గురూ ఉన్నారు.

స్టేటస్ కండిషన్‌ను వేర్‌లోకి మార్చండి. లక్ష్మి వరసలో స్టేటస్ 'డెలివరీ', కాబట్టి పోయింది. సలీం వరసలో స్టేటస్ నల్. నల్ = 'పెండింగ్' నిజం కాదు, కాబట్టి అతనూ పోయాడు. మిగిలింది రమణ ఒక్కడే.

ఇప్పుడు చాలామంది చేసే రిపేరు ఒకటి చూద్దాం: వేర్ ఆ.స్టేటస్ = 'పెండింగ్' ఆర్ ఆ.స్టేటస్ ఈజ్ నల్. సలీం తిరిగొచ్చాడు, పని అయిపోయిందనిపిస్తుంది. కానీ లక్ష్మి ఇంకా లేదు. జాయిన్‌లో ఆమెకు జత కుదిరింది, స్టేటస్ నల్ కాలేదు, ఫిల్టర్ ఆమెను తీసేసింది. టెస్ట్ డేటాలో లక్ష్మి లాంటి కస్టమర్ లేకపోతే ఈ తప్పు ప్రొడక్షన్ దాకా ఎవరి కంటా పడదు.

మన పెద్ద టేబుళ్ల మీద ఇదే నడిపి, వేరు వేరు కస్టమర్లను లెక్కపెట్టండి. ఆన్‌లో ఉంటే లక్ష మందీ ఉంటారు. వేర్‌లో ఉంటే ఆర్డర్లు లేని 20,000 మందితో పాటు, ఆర్డర్లున్నా ఒక్కటీ పెండింగ్‌లో లేని దాదాపు 21 వేల మంది పోతారు. పైన చెప్పిన 58 వేల పైచిలుకు అలా వచ్చిందే. ఆ రిపేరు చేస్తే 20,000 మంది తిరిగొస్తారు, 21 వేల మంది రారు.

ఇక ప్లాన్లు. ఆన్‌లో ఉన్నప్పుడు స్టేటస్ కండిషన్ ఆర్డర్ల స్కాన్ మీద ఫిల్టర్‌గా దిగుతుంది. జత కుదరని ఆర్డర్లను ముందే తీసేసినా కస్టమర్లకు నష్టం లేదు కాబట్టి ప్లానర్ ధైర్యంగా కిందకు తోసింది. ఇది స్కాన్ మీది ఫిల్టర్, జాయిన్ మీద కాదు. ఎక్కడ ఎంత ఇండెంట్ అయి ఉందో చూసి చదవాలి.

వేర్‌లో ఉన్నప్పుడు ప్లాన్‌లో 'లెఫ్ట్' అన్న మాటే కనబడదు. వట్టి హ్యాష్ జాయిన్ అని ఉంటుంది. మీరు లెఫ్ట్ అని రాశారు, ప్లానర్ దాన్ని ఇన్నర్ చేసేసింది. నల్ నింపిన వరసలు ఎలాగూ వేర్ దగ్గర పోతాయి, మరి వాటిని తయారు చేయడం దండగ అన్నది దాని లెక్క. ఫలితం ఒకటే కాబట్టి అది చేసింది సరైనదే. మీ లెఫ్ట్ జాయిన్ ప్లాన్‌లో లెఫ్ట్, రైట్, యాంటీ (జత లేని వరసలే ఇచ్చేది) ఏదీ లేకుండా కనబడితే, చాలావరకు మీ వేర్‌లో ఏదో దాన్ని చంపేసిందని అర్థం.

రైట్ అన్నాను కదా, దాని గురించి ఒక మాట. లెఫ్ట్ జాయిన్ రాస్తే ప్లాన్‌లో హ్యాష్ రైట్ జాయిన్ అని వస్తే కంగారు పడొద్దు. హ్యాష్ టేబుల్‌ను చిన్న టేబుల్‌తో కడితే చవక. ఫిల్టర్ లేకుండా చూస్తే లక్ష వరసల కస్టమర్లు చిన్నది. దాన్ని హ్యాష్ చేసి, ఆర్డర్లను ఒక్కోటీ చదువుతూ పోతే, మన 'ఎడమ' టేబుల్ ప్లాన్‌లో కుడివైపుకు వస్తుంది. పేరు మారింది గానీ కాపాడేది కస్టమర్లనే.

అడుగు 5: ఏ కండిషన్ లెఫ్ట్‌ను చంపుతుంది, ఏది చంపదు

పోస్ట్‌గ్రెస్ వాళ్లు దీనికి స్ట్రిక్ట్ అనే మాట వాడతారు. లోపలికి నల్ ఇస్తే బయటికి నల్ వచ్చే ఆపరేటర్ స్ట్రిక్ట్. =, <, లైక్ అన్నీ అలాంటివే. నల్ వచ్చాక వేర్ దాన్ని నిజం అనుకోదు, కాబట్టి వరస పోవడం ఖాయం. అది ప్లానర్ రుజువు చేయగలిగిన విషయం.

కోఅలెస్(ఆ.స్టేటస్, 'లేదు') = 'పెండింగ్' అని రాస్తే మనిషికి తెలుసు, నల్ వరస ఇక్కడా పోతుందని. ప్లానర్ మాత్రం కోఅలెస్ లోపలి సంగతి తేల్చుకోలేదు. కోఅలెస్ ఉన్న పనే నల్‌ను వేరేదిగా మార్చడం. అందుకని అవుటర్ జాయిన్‌ను అలాగే ఉంచి, పైన ఫిల్టర్ పెడుతుంది. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ నడిపితే ఆ నోడ్ కింద రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్ అని లక్షల్లో అంకె వస్తుంది. అంటే అన్నిటినీ కలిపి, నల్స్ నింపి, తర్వాత పారేసింది. నల్ వరసలు నిజంగా అక్కర్లేకపోతే కోఅలెస్ తీసేయండి. ఇంకా మంచిది, నిజాయితీగా ఇన్నర్ జాయిన్ అనే రాయండి. తర్వాత చదివేవాళ్లకు మీ ఉద్దేశం తెలుస్తుంది.

కాపాడే వైపు టేబుల్ మీద కండిషన్ అయితే వ్యవహారం తిరగబడుతుంది. క.ఊరు = 'గుంటూరు' అని వేర్‌లో రాస్తే కస్టమర్ల స్కాన్ మీదకు దిగిపోతుంది, అందరూ ఆశించేది అదే. దాన్నే ఆన్‌లో రాస్తే? కస్టమర్లు అందరూ వస్తారు, గుంటూరు వాళ్లకు మాత్రమే ఆర్డర్లు జతపడతాయి. ప్లాన్‌లో అది జాయిన్ ఫిల్టర్‌గా నిలబడుతుంది. కిందకు తోయడానికి ప్లానర్‌కు హక్కు లేదు, తోస్తే మిగతా ఊళ్ల వాళ్లు మాయమవుతారు. లెఫ్ట్ జాయిన్ మీద ఎడమ టేబుల్ కాలమ్ ఒక్కటే ఉన్న జాయిన్ ఫిల్టర్ కనబడితే, అది వేర్‌లో ఉండాల్సింది కాదు కదా అని ఒకసారి అడగండి. చాలాసార్లు అవుననే తేలుతుంది.

అడుగు 6: "ఆర్డర్లే లేనివాళ్లు" అడిగే పద్ధతి

లెఫ్ట్ జాయిన్ చేసి ఈజ్ నల్ పెట్టడం అందరికీ తెలిసిందే. ఏ కాలమ్ మీద పెడతారన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు.

వేర్ ఆ.కస్టమర్_ఐడీ ఈజ్ నల్ అని రాయండి. ప్లాన్‌లో యాంటీ జాయిన్ వస్తుంది. ఆన్‌లో ఆ.కస్టమర్_ఐడీ = క.ఐడీ ఉంది, అది స్ట్రిక్ట్. జత కుదిరిన వరసలో ఈ కాలమ్ నల్ కానే కాదు. కాబట్టి నల్ అడుగుతున్నారంటే జత లేనివాళ్లనే అడుగుతున్నారని ప్లానర్ పట్టేస్తుంది. మొదటి జత దొరకగానే ఆ కస్టమర్‌ను వదిలేయొచ్చు.

ఇప్పుడు అలవాటు ప్రకారం వేర్ ఆ.ఐడీ ఈజ్ నల్ అని రాయండి. ఐడీ ప్రైమరీ కీ కాబట్టి అర్థం అదే, ఫలితం అదే. కానీ 16, 17 వెర్షన్లలో ఇది యాంటీ జాయిన్ కాదు, ఎందుకంటే ఆన్ కండిషన్‌లో ఐడీ లేదు. మామూలు అవుటర్ జాయిన్, పైన ఫిల్టర్. పది లక్షల జతలు కట్టి పారేస్తుంది. దానికన్నా చేటు అంచనాలో ఉంటుంది. ఐడీ కాలమ్ స్టాటిస్టిక్స్‌లో నల్స్ లేవు కాబట్టి ఫిల్టర్ దాటి వచ్చేది ఒక్క వరసే అన్నట్టు లెక్క వేస్తుంది. నిజంగా వచ్చేవి 20,000. ఆ ఒక్క వరసను నమ్మి పైన ఇంకో టేబుల్‌తో నెస్టెడ్ లూప్ (ఒక్కో వరసకూ రెండో టేబుల్‌ను మళ్లీ వెతికే పద్ధతి) పెట్టిందంటే క్వెరీ గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు.

నా మొగ్గు మాత్రం నాట్ ఎగ్జిస్ట్స్ వైపే. నేరుగా యాంటీ జాయిన్ అవుతుంది, కాలమ్ ఎంపిక తలనొప్పి ఉండదు. నాట్ ఇన్ జోలికి పోవద్దు. లోపలి క్వెరీలో ఒక్క నల్ ఉన్నా ఫలితం ఖాళీ అవుతుంది. ఆ అర్థాన్ని కాపాడాలి కాబట్టి ఈ వెర్షన్లలో ప్లానర్ దాన్ని యాంటీ జాయిన్‌గా మార్చదు.

అడుగు 7: మూడో టేబుల్ వచ్చాక

కస్టమర్లు లెఫ్ట్ జాయిన్ ఆర్డర్లు, ఆ తర్వాత జాయిన్ చెల్లింపులు ఆన్ చె.ఆర్డర్_ఐడీ = ఆ.ఐడీ. వేర్ లేదు, ఏమీ లేదు. అయినా ఆర్డర్లు లేని 20,000 మంది రారు. ప్లాన్ చూస్తే రెండూ ఇన్నర్ జాయిన్లే. పైనున్న ఇన్నర్ జాయిన్ కండిషన్ ఆ.ఐడీ మీద స్ట్రిక్ట్, అది వేర్ చేసే పనే చేసింది. పాత రిపోర్టుకు కింద ఒక జాయిన్ తగిలించినప్పుడు ఇది జరుగుతుంది. తగిలించినవాళ్లు క్వెరీ పై లైన్లలో లెఫ్ట్ ఉందో లేదో చూడరు.

చెల్లింపు ఉన్న ఆర్డర్లనే చూపాలి, కస్టమర్లు మాత్రం అందరూ ఉండాలి అంటే బ్రాకెట్లు వాడండి:

ఫ్రమ్ కస్టమర్లు క లెఫ్ట్ జాయిన్
  (ఆర్డర్లు ఆ జాయిన్ చెల్లింపులు చె ఆన్ చె.ఆర్డర్_ఐడీ = ఆ.ఐడీ)
  ఆన్ ఆ.కస్టమర్_ఐడీ = క.ఐడీ

చూడటానికి కొత్తగా ఉన్నా ఇది పక్కా స్టాండర్డ్ ఎస్‌క్యూఎల్.

జాయిన్ల వరుస మార్చే స్వేచ్ఛ ప్లానర్‌కు ఎంతవరకు ఉంటుంది? ఏ జాయిన్ ముందు, ఏది వెనక అన్నది ఖర్చు లెక్కగట్టి తేల్చే పద్ధతి 1979లో ఐబీఎం సిస్టమ్ ఆర్ బృందంలో ప్యాట్రీషియా సెలింజర్, సహచరులు ప్రకటించినది. పోస్ట్‌గ్రెస్ ఇప్పటికీ ఆ దారిలోనే నడుస్తుంది. ఇన్నర్ జాయిన్లను ఎలాగైనా కలపొచ్చు. కస్టమర్ల నుంచి రెండు వేరువేరు టేబుళ్లకు లెఫ్ట్ జాయిన్లుంటే అవి కూడా ముందువెనకలవుతాయి. గొలుసుగా ఉంటే, అంటే కస్టమర్లు, ఆర్డర్లు, చెల్లింపులు అన్నీ లెఫ్ట్‌లే అయితే, చివరి కండిషన్ ఆర్డర్ల మీద స్ట్రిక్ట్ అయినప్పుడే ఆర్డర్లను చెల్లింపులతో ముందు కలపగలదు. అక్కడ ఆన్‌లో కోఅలెస్ పెట్టారా, ఆ దారి మూసుకుపోయింది. ఫుల్ జాయిన్ అయితే వరుసను పూర్తిగా బిగించేస్తుంది.

టేబుళ్లు ఎక్కువైతే జాయిన్_కొలాప్స్_లిమిట్ చూడండి. డిఫాల్ట్ 8. అది దాటితే మీరు రాసిన వరుసకు కొంతవరకు కట్టుబడుతుంది. 12 దాటించి పెంచాలంటే ఆలోచించండి. 12 దగ్గర జెనెటిక్ ఆప్టిమైజర్ రంగంలోకి వస్తుంది, అన్ని వరుసలనూ చూడదు.

అడుగు 8: మాయమయ్యే జాయిన్

ఆర్డర్లు లెఫ్ట్ జాయిన్ కస్టమర్లు ఆన్ క.ఐడీ = ఆ.కస్టమర్_ఐడీ అని రాసి, ఆర్డర్ల కాలమ్స్ మాత్రమే సెలెక్ట్ చేయండి. ప్లాన్‌లో కస్టమర్లు అన్న పేరే ఉండదు. క.ఐడీ యూనిక్, కాబట్టి ఒక్కో ఆర్డర్‌కు ఒక్క జత మించి రాదు. లెఫ్ట్ కాబట్టి వరస తగ్గదు. కాలమ్ వాడటం లేదు. ఇక చదవడం దేనికి? 9.0 వెర్షన్ నుంచి ఉన్న సౌకర్యం ఇది. పదిహేను టేబుళ్లు కలిపిన వ్యూల మీద పనిచేసేవాళ్లకు ఇది వరం.

ఇన్నర్ జాయిన్‌కు ఇది జరగదు, ఫారిన్ కీ ఉన్నా సరే. కాబట్టి వివరాల కోసం మాత్రమే తగిలించే టేబుళ్లను వ్యూల్లో లెఫ్ట్ జాయిన్‌తో పెట్టడం మంచిది, ఆ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ తప్పనిసరి.

అడుగు 9: ఫుల్ జాయిన్ మొరాయిస్తే

ఫుల్ జాయిన్‌లో రెండు వైపులా మిగిలిపోయిన వరసలు గుర్తుంచుకోవాలి. నెస్టెడ్ లూప్ ఆ పని చేయదు, హ్యాష్ గానీ మెర్జ్ గానీ కావాలి. రెంటికీ కనీసం ఒక సమానత్వం ఉండాలి. ఆన్ మొత్తం ఒక ఆర్ అయినా, ఉత్త < అయినా, మెర్జ్‌కో హ్యాష్‌కో కుదిరే కండిషన్లతోనే ఫుల్ జాయిన్ చేయగలనని పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు దాన్ని రెండు ముక్కలు చేయండి: ఒకవైపు నుంచి లెఫ్ట్ జాయిన్, దానికి యూనియన్ ఆల్‌తో రెండోవైపు నుంచి నాట్ ఎగ్జిస్ట్స్. ఫుల్ జాయినే లేని మైఎస్‌క్యూఎల్‌లో కూడా ఇదే రాయాలి. యూనియన్ అని కాకుండా యూనియన్ ఆల్ అనే రాయండి, లేకపోతే నిజంగానే రెండుసార్లు ఉన్న వరసలు ఒకటైపోతాయి.